సీఎంఎఫ్ ఫోన్ 2 ప్రోనా, గెలాక్సీ ఎ16నా? రేపు మీ నాయన చేతికి పోయాక కూడా పనికొచ్చేది ఏది?

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. శ్రీసిటీలో ఉద్యోగం, తిరుపతిలో రూము, సెలవు దొరికితే బంగారుపాళెం పక్కన మీ ఊరు, అక్కడ మీ నాయనకి మామిడితోట పని. చేతిలో ఇరవై వేలు. నథింగ్ కంపెనీ వాళ్ల సీఎంఎఫ్ ఫోన్ 2 ప్రో, శాంసంగ్ గెలాక్సీ ఎ16 5జీ, ఈ రెండింటి మధ్య ఆగిపోయావు. ఫ్రెండ్స్‌లో ఒకడు కెమెరా చూడమంటాడు, ఇంకొకడు ప్రాసెసర్ చూడమంటాడు, మూడోవాడు శాంసంగ్ అయితే టెన్షన్ ఉండదంటాడు. ప్లస్సులూ మైనస్సులూ విడమరిచి చెప్పన్నా అని అడిగావు. మధ్యలో మాటవరసకి ఒక ముక్క రాశావు: 'ఇప్పుడు వాడే ఫోన్ నాయనకిచ్చేస్తా.' ఇప్పుడు కొనబోయేది కూడా రేపు అలాగే ఆయన చేతికే పోతుంది కదా, అందుకే నా జవాబంతా ఆ ముక్క మీదే నడుస్తుంది.

నేను తిరుపతిలో కొన్నేళ్లు ఫోన్లు అమ్మాను. తరవాత రిపేరు బల్ల దగ్గర కూర్చున్నాను, ఇప్పటికీ అదే పని. అమ్మే కౌంటర్ దగ్గరికి వచ్చేది నీలాంటి కుర్రోళ్లు. రిపేరుకి తెచ్చేది మాత్రం చాలాసార్లు వాళ్ల నాయనో, అమ్మో, పెద్దమ్మో. కొడుకు రెండేళ్లు వాడి ఇచ్చిన ఫోను అది. బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది. స్టోరేజీ నిండిపోయి వాట్సాప్‌లో ఫోటో దిగదు. బ్యాంకు యాప్ ఏదో అప్‌డేట్ అడుగుతుంది, ఏం నొక్కాలో తెలీదు. డబ్బా మీద రాసిన ప్లస్సులన్నీ కొడుకు అనుభవించేశాడు, మైనస్సులు నాయన వాటాకి వచ్చాయి. అందుకే ఈ ఫోన్‌ని ఐదారేళ్ల లెక్కన చూడమంటాను. మొదటి సగం నీది, రెండో సగం ఆయనది.

ముందు అప్‌డేట్ల సంగతి. ఇక్కడ రెండు రకాలున్నాయి, రివ్యూల్లో రెండింటినీ కలిపి మాట్లాడేస్తుంటారు. ఒకటి ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్, రెండోది సెక్యూరిటీ ప్యాచ్, అంటే దొంగలు దూరే సందుల్ని మూసే చిన్న అప్‌డేట్. గెలాక్సీ ఎ16కి ఆరు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఆరేళ్ల సెక్యూరిటీ ఇస్తామని శాంసంగ్ మాటిచ్చింది. ఈ ధరలో అది అరుదు, తక్కువ చేసి చూడకూడదు. సీఎంఎఫ్‌కి మూడేళ్ల ఆండ్రాయిడ్ అప్‌డేట్లు, ఆరేళ్ల సెక్యూరిటీ. కాగితం మీద శాంసంగ్‌దే గెలుపు.

అయితే ఆ ఆరేళ్లు నువ్వు బిల్లు కట్టిన రోజు నుంచి మొదలవవు. ఫోన్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క. ఎ16 5జీ వచ్చింది 2024 అక్టోబర్‌లో, సీఎంఎఫ్ ఫోన్ 2 ప్రో వచ్చింది 2025 ఏప్రిల్ చివర్లో. ఎంత ఆలస్యంగా కొంటే అంత తరుగు. పండగ ఆఫర్‌లో పాత మోడల్ చవగ్గా దొరికిందని సంబరపడేవాళ్లు ఈ లెక్క వేసుకోరు.

ఇంకో సంగతి, ఆరు వెర్షన్లు మోయడానికి లోపల ఇంజను ఉండాలి కదా. ఎ16లో ఉన్నది డైమెన్సిటీ 6300, 6 నానోమీటర్ల చిప్ (ఈ అంకె ఎంత చిన్నదైతే తయారీ అంత కొత్తది). చిప్‌లో లెక్కలు చేసే భాగాల్ని కోర్లంటారు, అందులో బరువు పనులు చేసే పెద్ద కోర్లు రెండే. అవి కార్టెక్స్ ఎ76 రకం, ఆర్మ్ కంపెనీ 2018లో ప్రకటించిన డిజైను. మిగతా ఆరూ చిన్న కోర్లు. సీఎంఎఫ్‌లో డైమెన్సిటీ 7300 ప్రో, 4 నానోమీటర్ల చిప్. పెద్ద కోర్లు నాలుగు, అవి 2020 నాటి ఎ78 రకం. మొదటి రోజు షాపులో రెండూ పట్టుకుని చూస్తే పెద్ద తేడా తెలీదు. నాలుగో ఏడు ఫోన్‌పే తెరిచి, వెనక వాట్సాప్ కాల్ నడుస్తూ, అదే టైములో ప్లే స్టోర్ ఏదో అప్‌డేట్ చేసుకుంటుంటే అప్పుడు తెలుస్తుంది. కొత్త వెర్షన్ కంటే సెక్యూరిటీ ప్యాచ్‌కే నేను ఎక్కువ విలువిస్తాను. డబ్బు లావాదేవీలు నడిచే ఫోన్‌కి అదే ప్రాణం. యూపీఐ యాప్‌లు, బ్యాంకు యాప్‌లు పాత ఆండ్రాయిడ్ వెర్షన్ల మీద కూడా చాలా ఏళ్లు నడుస్తాయి. రెండింటికీ సెక్యూరిటీ ఆరేళ్లే అయినప్పుడు, బలమైన చిప్ ఉన్నదానికే నా ఓటు.

ఇప్పుడు డిస్‌ప్లే. రిపేరు పని చేసేవాడిగా ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే. రెండూ అమోలెడ్. సీఎంఎఫ్‌ది 6.77 అంగుళాలు, 120 హెర్ట్జ్, అంటే బొమ్మ సెకనుకి 120 సార్లు మారుతుంది. శాంసంగ్‌ది 6.7 అంగుళాలు, 90 హెర్ట్జ్. సీఎంఎఫ్ ప్రకటనలో '3000 నిట్స్' అని కనిపిస్తుంది, నిట్స్ అంటే వెలుగు కొలత. ఆ అంకె వీడియోలో ఏదో చిన్న భాగం మెరిసినప్పటిది, స్క్రీన్ మొత్తం అంత వెలుగు ఇవ్వదు. అయినా ఎండలో రెండింటినీ పక్కపక్కన పెడితే సీఎంఎఫ్ బాగా కనిపిస్తుంది. తోతాపురి కోతల టైములో మిట్టమధ్యాహ్నం తోటలో నిలబడి కాటా రసీదు ఫోటో తీసి పంపాల్సిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

అసలు కథ ఫోన్ కిందపడ్డాక మొదలవుతుంది. అద్దం ఒక్కటే పగిలిందని నువ్వనుకుంటావు. మా బల్ల దగ్గర మార్చేది కాంబో, అంటే అద్దమూ ప్యానెలూ కలిసిన ముక్క. ఒరిజినల్ అమోలెడ్ కాంబో ధర ఫోన్ ధరలో పెద్ద వాటానే ఉంటుంది. ఆ రేటు చెప్పగానే చాలామంది 'కాపీ వేసెయ్ అన్నా' అంటారు. కాపీల్లో చవకవి ఎల్‌సీడీ రకం. కాస్త మందంగా ఉంటాయి, నల్లరంగు బూడిదలా కనిపిస్తుంది, బ్యాటరీ ఎక్కువ తాగుతాయి. వీటన్నిటికీ మించిన తంటా ఇంకోటుంది. సీఎంఎఫ్‌లో వేలిముద్ర సెన్సర్ స్క్రీన్ కింద ఉంటుంది, ఆప్టికల్ రకం, అంటే వెలుగుతో వేలిని చూసేది. అమోలెడ్ ప్యానెల్ పిక్సెల్స్ సందుల్లోంచి వెలుగు కిందికి దిగుతుంది కాబట్టే అది పనిచేస్తుంది. ఎల్‌సీడీ కాపీలో వెనక బ్యాక్‌లైట్ పొర అడ్డం ఉంటుంది, సెన్సర్‌కి వేలు కనిపించదు. కాపీ వేసిన రోజు నుంచే వేలిముద్ర పోయినట్టే. గెలాక్సీ ఎ16లో సెన్సర్ పక్కన పవర్ బటన్‌లో ఉంది. డిస్‌ప్లే ఏది వేసినా దానికేం కాదు. ఏ రివ్యూలోనూ ఎ16కి దీన్ని ప్లస్సుగా రాసి నేను చూడలేదు, కానీ రెండో యజమానికి ఇది పెద్ద ప్లస్సు.

ఇంకా ఒకటుంది, తోటపని చేసే చేతులకి ఏ సెన్సర్ అయినా మొరాయిస్తుంది. చర్మం గట్టిపడి గీతలు అరిగిపోతాయి, మామిడి సొన అంటుకుంటే ఇంకా కష్టం. ఒకే బొటనవేలుని రెండుసార్లు వేరు వేరు ముద్రలుగా ఎక్కించు, రెండో చేతి వేలు కూడా ఎక్కించు. పిన్ మాత్రం ఆయనకి నోటికి వచ్చేదాకా వదలొద్దు.

కొన్నాళ్లుగా అమోలెడ్ ఫోన్లలో అప్‌డేట్ అయ్యాక ఉన్నట్టుండి నిలువుగా పచ్చగీత పడిందని కూడా తెస్తున్నారు. ఒక్క బ్రాండ్ అని చెప్పను, చాలావాటిలో చూశాను. దానికి కాంబో మార్చడం తప్ప మందు లేదు. కాబట్టి కొనకముందే సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి రెండు రేట్లు అడుగు: డిస్‌ప్లే ఎంత, బ్యాటరీ ఎంత. శాంసంగ్ సర్వీస్ చిన్న టౌన్లదాకా పాతుకుపోయి ఉంది. సీఎంఎఫ్ అనేది నథింగ్ కంపెనీ వాళ్ల బ్రాండ్, కొత్తది, సర్వీస్ వల అంత పెద్దది కాదు. కంపెనీ సైట్లో తిరుపతి పిన్‌కోడ్, మీ ఊరి పిన్‌కోడ్ రెండూ కొట్టి, దగ్గర్లో ఎక్కడుందో చూసుకున్నాకే డబ్బు తియ్యి. శాంసంగ్‌కి నేను మనస్ఫూర్తిగా మార్కులు వేసేది ఇక్కడే.

స్టోరేజీ దగ్గర నీ లెక్క తప్పేలా ఉంది. '128 జీబీ తీసుకుని తరవాత మెమరీ కార్డు వేసుకుంటా' అని రాశావు. నీకు రెండు సిమ్ములున్నాయని కూడా నువ్వే రాశావు. రెండు ఫోన్లలోనూ ఉన్నది హైబ్రిడ్ స్లాట్. రెండో సిమ్ము పెడితే కార్డుకి చోటుండదు, కార్డు పెడితే రెండో సిమ్ము తీసేయాలి. నీ విషయంలో కార్డు స్లాట్ ఉన్నా లేనట్టే. 128లో సిస్టమ్ కొంత మింగేస్తుంది. పైగా మీ నాయనకి రోజూ వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటోలు, వీడియోలు చాలు మిగిలింది నిండడానికి. 256 తీసుకో. విడుదలైనప్పుడు సీఎంఎఫ్ 256 జీబీ ధర 20,999, 128 జీబీ 18,999. ఎ16 విడుదల ధరలు 8 జీబీ ర్యామ్‌తో 128కి 18,999, 256కి 21,999. ఇప్పటి రేట్లు కొనే రోజు చూసుకో. బడ్జెట్ వెయ్యి దాటినా ఈ ఒక్కదాని కోసం దాటొచ్చు. '8 ప్లస్ 8 జీబీ ర్యామ్' అని షాపులో ఎవరైనా ఊదరగొడితే ఆ రెండో 8ని మర్చిపో. స్టోరేజీలోంచి అప్పు తెచ్చిన ర్యామ్ అది, అసలు ర్యామ్ పక్కన చాలా నెమ్మది.

కెమెరా గురించి ఎక్కువ అడిగావు, నేను తక్కువ చెబుతాను. ఎ16లో 50 మెగాపిక్సెల్ మెయిన్, 5 మెగాపిక్సెల్ వైడ్, 2 మెగాపిక్సెల్ మ్యాక్రో. ఆ చివరిది వెనక మూడు గుండ్రాలు కనిపించడానికి పెట్టిందే. సీఎంఎఫ్‌లో 50 మెయిన్, 2 రెట్లు దగ్గరికి తెచ్చే 50 మెగాపిక్సెల్ టెలిఫోటో, 8 వైడ్. ఈ ధరలో నిజమైన టెలిఫోటో దొరకడం గొప్పే. పెళ్లిలో స్టేజీ కిందనుంచి తీసినా మొహాలు సాగినట్టు రావు, బాగుంటాయి. మైనస్ ఏమిటంటే ఓఐఎస్ లేదు, అంటే చెయ్యి వణుకుని లెన్సే సర్దుకునే ఏర్పాటు లేదు. రాత్రి ఫోటోలకి చెయ్యి కదపకుండా పట్టుకోవాలి. ఎ16లోనూ అది లేదు. 50 మెగాపిక్సెల్ అన్నా మామూలుగా నాలుగు పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెల్ ఫోటోనే సేవ్ అవుతుంది. రెండింటిలోనూ అంతే, మోసమేమీ లేదు. బండికి ఫోన్ హోల్డర్ బిగించి మ్యాప్ చూస్తూ పోయే అలవాటుంటే మానుకో. మోటార్‌సైకిల్ ఇంజను వణుకు వల్ల కెమెరాలోని ఓఐఎస్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని ఆపిల్ కంపెనీ 2021లోనే తన ఐఫోన్ల గురించి చెప్పింది. మిగతా ఫోన్లకీ ఆ భయం కొంత ఉండొచ్చు.

బ్యాటరీ రెండింటిలో 5000 ఎంఏహెచ్. సీఎంఎఫ్ 33 వాట్లు, ఇండియాలో డబ్బాలోనే ఛార్జర్ ఇస్తున్నారు. ఎ16 25 వాట్లు, ఛార్జర్ వేరే కొనుక్కోవాలి, ఆ ఖర్చు ధరకి కలుపుకో. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. రెండేళ్ల తరవాత ఆ 5000లో ఎంత మిగులుతుందన్నదే నీకు కావాల్సిన ప్రశ్న. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఒక నియమం అమల్లోకి వచ్చింది. అక్కడ అమ్మే ఫోన్ బ్యాటరీ 800 సార్లు పూర్తిగా ఛార్జ్ అయి ఖాళీ అయ్యాక కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలబెట్టుకోవాలి. కఠినమైన నియమం అనుకున్నదే అంత. రోజుకొక ఛార్జి లెక్కన 800 అంటే రెండేళ్ల పైచిలుకు. సరిగ్గా ఫోన్ మీ నాయన చేతికి పోయే టైము. అందుకే ఇచ్చే రోజున కంపెనీ సర్వీస్ సెంటర్లో కొత్త బ్యాటరీ వేయించి ఇవ్వడమే నీ ప్లాన్‌లో పెట్టుకో. రోడ్డు మీద దొరికే పేరులేని బ్యాటరీ వద్దు. ఉబ్బి వెనక మూతని పైకి లేపిన ఫోన్లు మా బల్ల మీదకి వస్తూనే ఉంటాయి. (మొబైల్‌కి పనికొచ్చే లిథియం సెల్స్ తయారీ మన తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లోనే ప్రయోగాత్మకంగా మొదలైంది, మునోత్ కంపెనీ వాళ్లది, 2022లో. మనూళ్లో తయారవుతున్నంత మాత్రాన ఎండకి మినహాయింపు రాదు.)

ఎండ అంటే గుర్తొచ్చింది, ఇక్కడ బ్యాటరీని చంపేది వాడకం కంటే వేడి. ఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని కంపెనీలు రాస్తాయి, మనకి మే నెలలో 40 దాటడం మామూలే. కంపెనీ బస్సులో కిటికీ పక్క సీటు, ఒళ్లో ఎండ, పవర్ బ్యాంకుకి తగిలించిన ఫోనులో రీల్స్. ఆ మూడూ కలిస్తే అంతకంటే హాని ఇంకోటి లేదు. ఫోన్ వేడెక్కితే తనంతట తానే వెలుగు తగ్గించి, ఛార్జింగ్ నెమ్మది చేసుకుంటుంది, అది లోపం అనుకోవద్దు. ఎలక్ట్రానిక్స్ ప్లాంట్లలో షాప్‌ఫ్లోర్‌లోకి ఫోన్ పోనివ్వరు కదా, లాకర్లో పెడతావు. ఇనప లాకర్లో సిగ్నల్ అందక అది రోజంతా టవర్‌ని వెతుక్కుంటూ బ్యాటరీ తగలేస్తుంది. లోపలికి పోయేముందు ఫ్లైట్ మోడ్ వేసెయ్. తిరుమలలో దర్శనానికి పోయేముందు కౌంటర్లో ఫోన్ అప్పగించేటప్పుడు అయితే ఏకంగా స్విచాఫ్ చేసి ఇవ్వడం మేలు.

నెట్‌వర్క్ విషయంలో రెండూ సమానమే, 5జీ రెండింటిలో ఉంది. జియో 5జీ మన రాష్ట్రంలో 2022 డిసెంబర్‌లో తిరుమల, విశాఖ, విజయవాడ, గుంటూరుతో మొదలైంది. ఇప్పుడు పల్లెల్లోనూ దొరుకుతోంది. జియోకి 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఉంది, దూరం పోతుంది, గోడలు దాటుతుంది. తోటలో 5జీ గీతలు వస్తూ పోతూ ఉంటే మీ నాయన ఫోన్‌ని 4జీ మీద పెట్టెయ్, బ్యాటరీ మిగులుతుంది, ఆయనకి స్పీడు తేడా తెలియదు.

రెండింటికీ ఐపీ54. చినుకులకి, దుమ్ముకి తట్టుకుంటుంది. తొట్టిలో పడితే తట్టుకోదు, నీళ్లు పోయిన ఫోన్‌కి వారంటీ వర్తించదు. రెండింటిలోనూ స్పీకర్ ఒక్కటే, ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు. నీ పాత వైరు ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టెయ్యాల్సిందే.

సాఫ్ట్‌వేర్‌లో ఒక తమాషా ఉంది. సీఎంఎఫ్‌లో వచ్చే నథింగ్ ఓఎస్ శుభ్రంగా ఉంటుంది, అడగని యాప్‌లు తక్కువ. శాంసంగ్‌లో మొదటి రోజు ఒక అరగంట కూర్చుని అక్కర్లేనివి తీసేయాలి. నథింగ్ వాళ్ల స్టైలు నలుపు తెలుపు ఐకాన్లు. కుర్రోళ్లకి స్టైలుగా ఉంటుంది. మీ నాయన మాత్రం ఫోన్‌పేని పేరు చదివి తెరవడు, ఊదారంగు చూసి తెరుస్తాడు. వాట్సాప్‌ని పచ్చరంగుతో గుర్తుపడతాడు. ఆయనకి ఇచ్చేటప్పుడు ఐకాన్లని మామూలు రంగుల్లోకి మార్చి ఇవ్వు. శాంసంగ్‌లో 'ఈజీ మోడ్' అని ఉంది, ఐకాన్లూ అక్షరాలూ పెద్దవైపోతాయి. పెద్దవాళ్లకి ఇంత పనికొచ్చేది ఇంకోటి లేదు.

నీ రోజువారీ వాడకానికి, నువ్వు రెండు మూడేళ్లు వాడి తరవాత ఇంట్లో ఇచ్చేదానికి సీఎంఎఫ్ ఫోన్ 2 ప్రో 256 జీబీ తీసుకో. సర్వీస్ సెంటర్ అందుబాటులో ఉందని తేల్చుకున్నాకే సుమా. అది మరీ దూరమని తేలితే నా మాట మారుతుంది, ఎ16 వైపు పోతాను. ఇంకో దారి కూడా ఆలోచించు. కొత్తది నేరుగా మీ నాయనకే కొనిచ్చి, నీ పాతది నువ్వే ఇంకో ఏడు లాగగలవా? అలా అయితే ఎ16 5జీ కళ్లు మూసుకుని కొను. పక్కనున్న వేలిముద్ర, ఈజీ మోడ్, ఊరి దగ్గర్లో సర్వీసు, ఇవన్నీ ఆయన కోసమే చేసినట్టున్నాయి. గేమ్స్ ఆడడు కాబట్టి చిప్ బలం అంతగా అక్కర్లేదు.

నీ పాత ఫోన్ ఆయనకే ఇచ్చేటట్టయితే సెట్టింగ్స్‌లో 'సెక్యూరిటీ అప్‌డేట్' తేదీ చూడు. అది ఏడాదికి మించి పాతదైతే అందులో బ్యాంకు యాప్ వద్దు, మాట్లాడటానికీ వాట్సాప్‌కీ వాడమను. నీ గూగుల్ అకౌంట్ తీసేసి, రీసెట్ కొట్టి, ఆయన పేరుతో కొత్త అకౌంట్ పెట్టు. నీ అకౌంట్ అందులోనే వదిలేస్తే నీ ఫోటోలు ఆయన ఫోన్లో, ఆయన కాంటాక్టులు నీ ఫోన్లో కలిసిపోయి, అవి విడదీయించడానికి నా దగ్గరికే రావాల్సొస్తుంది.

గాంధీ రోడ్డులో కొన్నా ఆన్‌లైన్లో తెప్పించినా జీఎస్టీ బిల్లు తీసుకో. ఫోన్ల మీద 18 శాతం పన్ను ధరలోనే కలిసి ఉంటుంది, 'బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా' అన్నవాడి దగ్గర ఆగొద్దు, ఆ తగ్గింపుతో పాటే వారంటీ కూడా పోతుంది. డబ్బా తెరవగానే *#06# నొక్కు, స్క్రీన్ మీద ఐఎంఈఐ నంబర్లు, అంటే ఫోన్ గుర్తింపు నంబర్లు, రెండొస్తాయి. అవి డబ్బా మీదవాటితో, బిల్లు మీదవాటితో కలవాలి. మెసేజ్‌లో కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి ఐఎంఈఐ నంబరు రాసి 14422కి పంపితే ఆ ఫోన్ వివరాలు తిరిగొస్తాయి. మోడల్ పేరు తేడాగా వచ్చినా, బ్లాక్ లిస్టులో ఉందని చూపించినా షాపు మెట్లు దిగకముందే వెనక్కిచ్చెయ్.